వెండి డ్రాగన్

ఎవరి డెక్కుతో వాళ్లు తలపడే డ్రాగన్ల ఆట కోసం వదిన కొత్తగా కొన్న కార్డుల డెక్కును మరిది బాగుచేశాడు. నాసిరకానివి తీసేసి తన మంచి కార్డులు కలిపాడు. అంతవరకు బాగానే ఉంది. అరుదైన వెండి డ్రాగన్‌ను కూడా "ఇది నీకు పనికిరాదు వదినా" అంటూ తీసి, సిగ్గులేకుండా, ఆమె చూడకుండా తన డెక్కులో దూర్చుకున్నాడు.

తొలి ఆటలోనే ఆ డ్రాగన్ అతని చేతికొచ్చింది. దింపితే గెలుస్తాడు, కానీ వదిన గుర్తుపడుతుంది. పళ్లు బిగించి ఓడిపోయాడు.

"నీ చలవ వల్లే గెలిచాను," అంది వదిన. "పాపం, మంచి కార్డులన్నీ నాకే ఇచ్చావు."

అతను చేతిలోని కార్డుల్ని గబగబా డెక్కులో కలపబోయాడు.

"ఓడినవాళ్లు చేతిలో మిగిలినవి చూపించాలని నువ్వేగా నేర్పావు. ఏదీ, చూపించు."