హోల్మ్‌బెక్ గుర్రపుసాల

హోల్మ్‌బెక్ ఎస్టేటులో నేను వేటతోపుల కాపలావాణ్ణి. మా అక్క డోర్కస్ మొగుడు ఈనాక్ అక్కడే బండి తోలేవాడు. గుర్రపుసాల మేడమీది గదుల్లో వాళ్ల కాపురం. తాతలనాటి రాతికట్టడం. కింద గుర్రాల గిట్టల చప్పుడు వినబడితేనే అక్కకు నిద్రపట్టేది.

ఆ ఏడు ఆకులు రాలే కాలంలో బావ యార్క్ సంతనుంచి ఓ బూడిదరంగు ఆడగుర్రాన్ని ఎంచి తెచ్చాడు.

"అమ్మగారి బండికి కట్టామంటే ఊరంతా నోళ్లు వెళ్లబెట్టాలి!"

"ముక్కు కారుతోందేం బావా?"

"కుందేళ్లు కొట్టేవాడివి, నీకెందుకురా? రైల్లో చలిగాలి తగిలిందంతే."

రోజూ దాని ముక్కు తన చేత్తోనే తుడిచాడు. క్రిస్మస్ నాటికి పక్క గుర్రాలకూ కారింది. పశువుల డాక్టరు వచ్చి చూసి, గ్లాండర్స్ అన్నాడు. మందు లేదు, మనుషులకూ అంటుకుంటుంది, అన్నింటినీ చంపెయ్యమన్నాడు. ఎస్టేటు యజమానురాలు లాస్కమ్ దొరసాని కళ్లొత్తుకుంటూ ఆ పని నాకప్పగించింది.

"బెదిరిపోతాయిరా. నేను పట్టుకుంటా," అన్నాడు బావ.

ఒక్కొక్కదాన్నే వాకిట్లోకి నడిపించుకొచ్చి, తల గుండెకు ఆనించుకుని, చెవిలో ఏదో చెబుతూ నిలబడ్డాడు. నేను పేల్చాను. బూడిదరంగుది ఆఖరున వచ్చింది. దాని మెడ నిమిరి, "ఊఁ, కానీ," అన్నాడు.

నెల తిరక్కముందే అతని చేతిమీద పుండ్లు లేచాయి. జ్వరం మంచం దిగనివ్వలేదు. పనివాళ్లు గంజి తెచ్చి మెట్ల కిందే పెట్టి పారిపోయేవారు. అక్క ఒక్కతే పక్కన కూర్చుంది.

"గోతులు లోతుగా తవ్వారా? కుక్కలు లాగుతాయి," అన్నాడు నన్ను చూసి.

"తవ్వాం బావా."

"నేనే తెచ్చాన్రా దాన్ని."

"తెలియక తెచ్చావు."

"తెలియాల్సింది నాకే కదరా. ఇంకెవరికి తెలుస్తుంది?"

అతను పోయాక శవాన్ని మొయ్యడానికి ఎవరూ రాలేదు. ఆ ఇరుకు మెట్లమీంచి నేనూ అక్కా దించాం. సాలలో చెక్క సామానంతా తగలబెట్టి, గోడలకు సున్నం కొట్టించారు.

దొరసాని తోటపక్క ఇల్లు ఇస్తానంది.

"మీ మనసు మంచిదమ్మగారూ, కానీ ఇక్కడ ఉండలేను," అంది అక్క. హల్ పట్నంలో బట్టలుతికే పనికి కుదిరింది.

రైలుకోసం నిలబడి ఉండగా అడిగింది: "నువ్వు కాల్చేటప్పుడు ఆయన కళ్లు మూసుకునేవాడా?"

"లేదక్కా. ఒక్కసారీ మూసుకోలేదు."

తలూపి, మూట భుజానికెత్తుకుంది.