గూటి అంచు మీద గాటు

ఆ ఆదివారం షూటింగ్ క్లబ్బులో మళ్లీ తూటా పేలలేదు. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంది, అంతే. లెక్కల టీచరు పిస్టల్‌ను గురివైపే ఉంచి కాసేపు ఆగింది. ఒక్కోసారి తూటా ఆలస్యంగా పేలుతుంది. ఇక పేలదని నమ్మకం కుదిరాక మ్యాగజైన్ తీసి, తూటాను బయటికి లాగి చూసింది. అంచు మీద పిన్ను దెబ్బ పడింది కానీ లోతుగా లేదు. ఎవరో మొహమాటపడుతూ తలుపు తట్టినట్టుంది.

ఆమెకు అంతు పట్టలేదు. తూటాలు చెమ్మగిల్లాయేమోనని పక్క వరుసలో కాలుస్తున్న బ్యాంకు మేనేజరుని అడిగి ఆయన పెట్టెలోవి తీసుకుంది. అవీ కొన్ని పేలాయి, కొన్ని పేలలేదు. మేనేజరు పిస్టల్‌లో అవే తూటాలు చక్కగా పేలాయి.

క్లబ్బులో పిస్టల్‌ను ఆమెలా చూసుకునేవాళ్లు లేరు. కాల్చిన రోజు సాయంత్రం దాన్ని విప్పకుండా నిద్రపోదు. ఇంట్లో టూత్‌బ్రష్షు అరిగితే అది పిస్టల్‌కు వారసత్వంగా వచ్చేది. ఆ చిన్న తూటాలు వదిలే మైనం, మసి, సీసపు పొడి అన్నీ తోమి, పలచగా నూనె రాసి, మళ్లీ ఆ నూనెను కూడా తుడిచేది. మొదటి రోజు నేర్చుకున్న పాఠం ఒక్కసారి కూడా మరవలేదు. ఈ రకం తూటాకు మందు నడిమధ్యన ఉండదు, అడుగు అంచులో ఉంటుంది. పిన్ను వచ్చి ఆ అంచును కొట్టాలి. లోపల తూటా లేకుండా నొక్కితే ఆ దెబ్బ తిన్నగా తూటా కూర్చునే గూటి ఉక్కు మీద పడుతుంది. కొత్త రకాల్లో అలా తగలకుండా ఏర్పాటు ఉంటుంది కానీ ఆమెది పాతది.

మర్నాడు బడి అయ్యాక పిస్టల్‌ను తుపాకులు బాగుచేసే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లింది. అతను భూతద్దం కంటికి ఆనించుకుని గూటి అంచు చూపించాడు. అక్కడ గోరుతో నొక్కినట్టు చిన్న గాటు పడి, పక్కన ఉక్కు లోపలికి ఉబ్బింది. అది అడ్డుపడి తూటా పూర్తిగా కూర్చోక పిన్ను దెబ్బ సరిగ్గా పడడం లేదు. ఖాళీగా నొక్కారన్నాడు. ఒకటి రెండుసార్లు నొక్కితే ఇలా కాదనీ, నెలల తరబడి నొక్కి ఉండాలనీ అన్నాడు. తాను ఎప్పుడూ అలా చేయలేదని ఆమె గట్టిగా చెప్పింది. అతను వాదించలేదు. పిస్టల్ తన దగ్గర ఉంచుకుని, ఇంట్లో ఓసారి కనుక్కోమని మాత్రం అన్నాడు.

బస్సులో కూర్చున్నాక ఆమె ఒక్కొక్కటే లెక్క వేసుకుంది. తూటాలు ఇంట్లో ఉంచదు, క్లబ్బు లాకరులోనే ఉంటాయి. పిస్టల్ పడకగది బీరువాలో, బోల్టులతో బిగించిన ఇనప్పెట్టెలో ఉంటుంది. తాళంచెవి కుట్టుమిషను సొరుగులో దారపు ఉండల కింద ఉంటుంది. ఇంట్లో ఉండేది ముగ్గురు. తను, భర్త, మరిది. అన్నదమ్ములిద్దరికీ వీధి చివర సెలూన్ ఉంది. మరిదికి పిస్టల్ అంటేనే భయం, అది బల్ల మీద ఉంటే ఆ గదిలోకే రాడు. భర్తకు దాని మీద ఎప్పుడూ ఆసక్తి లేదు. మరి నేనేనా, అనుకుంది. శుభ్రం చేస్తూ ఏదో ఆలోచనలో నొక్కుతున్నానా? గ్యాసు కట్టేశానో లేదో చూడ్డానికి మెట్లు దిగాక మళ్లీ ఎక్కే అలవాటు ఆమెకుంది. అలాంటిదే ఇంకేదైనా మొదలైందా?

దిగాక ఇంటికి వెళ్లకుండా సెలూన్‌లోకి వెళ్లింది. ఏం అడగాలో తెలియక బెంచీ మీద కూర్చుంది. భర్త ఒకరికి జుట్టు కత్తిరిస్తున్నాడు. అతని కుర్చీలోనే పదేళ్లుగా గడ్డం గీయించుకునే మందుల షాపాయన, ఇవాళ మరిది కుర్చీ కోసం కాచుకుని ఉన్నాడు. అన్నయ్య ఈమధ్య గడ్డాలన్నీ తనకే వదిలేస్తున్నాడని మరిది సబ్బు నురగ కలుపుతూ మామూలుగా చెప్పాడు. ఆమెకు ఆ మాటకూ పిస్టల్‌కూ ముడి పడలేదు. అన్నదమ్ముల మధ్య ఏమైనా వచ్చిందేమో అనుకుంది. భర్త అద్దంలోంచి ఆమెను చూసి నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఉన్నట్టుండి ఆమెకు ఇంకో అనుమానం వచ్చింది. మనిషన్నవాడు ఖాళీ పిస్టల్ ఎందుకు తీస్తాడు? ఎటు పెట్టి నొక్కుతాడు? తన తలకేనా?

మర్నాడు సెలూన్‌కు సెలవు. మరిది బయటికి వెళ్లాక భర్తకు టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"పిస్టల్ మీరు తీశారా?"

అతను నీళ్లు నమలలేదు. కప్పు కింద పెట్టి, "తీశాను," అన్నాడు.

"ఎటు పెట్టి నొక్కారు?"

"ఎటేంటి?"

"ఏ వైపు పెట్టి నొక్కారని అడుగుతున్నా."

అతను ఆమె మొహంలోకి చూశాడు. అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "ఛ, ఏంటి టీచరమ్మా! గోడకేసి. క్యాలెండర్లో అంకెలకేసి. అంతే."

తర్వాత మిగతాది చెప్పుకొచ్చాడు. కుడి చెయ్యి వణుకుతోంది. మొదట కప్పు పట్టుకున్నప్పుడు తెలిసింది, తర్వాత కత్తి పట్టుకున్నప్పుడు. ఎప్పుడో క్లబ్బు వార్షికోత్సవంలో ఆమె పిల్లలకు చెబుతుండగా విన్నాడట, గురి చూడ్డానికి గొట్టం కొసన ఉండే సైటును చూస్తే చెయ్యి ఎంత కదులుతోందో కనిపిస్తుందని. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు పిస్టల్ తీసి, చెయ్యి చాపి, ఒక అంకె మీద సైటు పెట్టి నొక్కేవాడు. సైటు అంకె దాటకపోతే ఆ సాయంత్రం కత్తి పట్టేవాడు. దాటితే గడ్డాలు తమ్ముడికి. కొన్నాళ్లుగా రోజూ దాటుతోంది.

"నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా."

"నా చేతిని కూడా బ్రష్షు పెట్టి తోముతావని భయమేసింది."

ఆమెకు నవ్వు రాలేదు. తనకు మతిమరుపు రాలేదన్న ఊరట ఒకవైపు, చెప్పకుండా పిస్టల్ తీశాడన్న కోపం ఒకవైపు, ఆ వణుకు ఇంకొకవైపు. దేన్ని ముందు పట్టుకోవాలో పాలుపోలేదు. చివరికి నోటికి వచ్చింది గూడు సంగతే. తూటా లేనప్పుడు పిన్ను ఎక్కడ కొడుతుందో, ఉక్కు ఎలా ఉబ్బుతుందో చెప్పడం మొదలుపెట్టింది. ఖాళీదే కదా ఏమీ కాదనుకున్నానని అతను నిజంగానే బాధపడ్డాడు. ఇప్పుడు ఉక్కు గురించి మాట్లాడుతున్నానేమిటని ఆమెకు తెలుస్తూనే ఉంది, అయినా ఆపలేకపోయింది. అతను శ్రద్ధగా తలాడిస్తూ విన్నాడు. బల్ల మీద కప్పుకు అతని వేళ్లు తగిలి అది సన్నగా గలగలమంటోంది.

డాక్టరు అతని చేత కాగితం మీద చుట్టలు చుట్టలుగా గీత గీయించాడు. మీ నాన్నకు ఉండేదా అని అడిగాడు. నాన్న గ్లాసును రెండు చేతులతో పట్టుకుని తాగేవాడని అతనికి అప్పుడు గుర్తొచ్చింది. అది ఆయన పద్ధతనే ఇంట్లో అందరూ అనుకున్నారు. ఇది వంశంలో వచ్చే వణుకేననీ, వాళ్లు భయపడుతున్న పెద్ద నరాల జబ్బులా లేదనీ డాక్టరు చెప్పాడు. మందుకు తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు అన్నాడు. ఇది మంచి వార్తో చెడ్డ వార్తో ఇద్దరికీ తేలలేదు.

మెకానిక్ ఉబ్బిన ఉక్కును సన్నటి కడ్డీతో వెనక్కి నొక్కి సరిచేసి ఇచ్చాడు. తాళంచెవి ఆమె మెడలోని గొలుసుకు చేరింది. సంగతంతా తెలిశాక మరిది, అన్నయ్య కుర్చీని కిటికీ దగ్గరికి జరిపి, గడ్డాల కుర్చీ తనదిగా, జుట్టు కుర్చీ అన్నయ్యదిగా ఎవరూ అడగకుండానే చేసేశాడు. మాత్రలు వాడాక కొన్ని రోజులు చెయ్యి నిలకడగా ఉండేది, కొన్ని రోజులు ఉండేది కాదు. ఎందుకో ఎవరికీ తెలియలేదు.

ఒక ఆదివారం అతనే అడిగాడు, తననూ తీసుకెళ్లమని. క్లబ్బు వాళ్ల అనుమతి తీసుకుని, అతని చెవులకు రక్షణ పెట్టి, తన వరుసలో నిలబెట్టింది. పక్కనే నిలబడి ఒక్కొక్క తూటా తనే ఇచ్చింది. అతను ఊపిరి బిగబట్టి నొక్కాడు. పిస్టల్ పేలగానే ఉలిక్కిపడి వెనక్కి చూశాడు.

"ఇన్నాళ్లూ నొక్కాను గానీ, ఇలా ఉంటుందనుకోలేదే," అంటూ నవ్వడం మొదలుపెట్టాడు.

గురి కాగితం దగ్గరికి తెచ్చి చూస్తే చిల్లులు నాలుగు మూలలకూ చెదిరి ఉన్నాయి. ఒకటైతే కాగితానికే తగల్లేదు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ ఇంకా నవ్వుతున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె అతని చేతిలోంచి పిస్టల్ తీసుకుని, ఖాళీ అయిందో లేదో చూసి, ఇంకో తూటా కావాలా అని అడిగింది. కావాలన్నాడు.