టటిల్ గారి గాలిపంది

వెర్మాంట్ పల్లెల్లో కొట్టాల మీద గాలివాటం చూపే పాతకాలపు బొమ్మలను ఉన్నదున్నట్టు నీటిరంగుల్లో గీసి పంపడం విల్మా స్టోడార్డ్‌కి దొరికిన సర్కారు ఉద్యోగం. పనులు లేక జనం అల్లాడుతున్న రోజుల్లో అలాంటి కొలువు దొరికేసరికి ఆమె కాళ్లు నేల మీద నిలవడం లేదు. ఆ జూలై పొద్దున అయితే నిజంగానే నిలవలేదు. టటిల్ గారి కొట్టం కప్పు మీద, గుర్రమెక్కినట్టు చెరోవైపు కాలేసి కూచుంది.

ఎదురుగా రాగి పంది. చిలుమెక్కి పచ్చబడ్డ వీపు, నవ్వుతున్నట్టుండే మూతి. చూసేకొద్దీ ముద్దొస్తోంది గానీ గాలికి తిరుగుతూ కుదురుగా నిలవదే. మూతి గీయబోతే తోక చూపిస్తోంది. చివరికి విల్మా కాలి మేజోడు విప్పి, పందిని తనకు అనువుగా తిప్పుకొని కడ్డీకి కట్టేసింది.

ఇక కుంచె ఆగలేదు. అచ్చం ఆ చిలుము రంగే కాగితం మీదికి దిగుతుంటే తనలో తనే నవ్వుకుంది. తలెత్తి చూస్తే ఊరంతా పొలాల్లో ఉరుకులు పరుగులు. ఆరేసిన గడ్డిని ఆదరాబాదరాగా బండ్లకెత్తుతున్నారు. సరదాగా చెయ్యి ఊపింది.

కాసేపటికి నిచ్చెన మీద టటిల్ తల కనిపించింది. ఒళ్లంతా చెమట.

"దిగమ్మా, వానొస్తోంది. పంది తూర్పుకి తిరిగింది, అటు తిరిగితే ఈ ఊళ్లో వానే."

"గాలి పడమటి నుంచే కదండీ. మీ మొహానికి తగలట్లేదూ?"

"తగులుతోందిలే. మా తాత నాటి పందిని కాదని మొహాన్నెలా నమ్మేది?" అంటూనే మేజోడు చూశాడు.

"కదలకుండా ఉంటుందనీ..." నసిగింది విల్మా.

టటిల్ నవ్వుకి నిచ్చెన ఊగింది. కింద నుంచి భార్య మర్టిల్ కేకేసింది. "ఏమయ్యా, సగం గడ్డి బయటే ఉంటే అక్కడ ఇకఇకలేంటి?"

"ఈ పిల్ల పందిని మేజోడుతో కట్టేసిందే."

పక్క పొలం హైరమ్ పెక్ మూతి తిప్పాడు. "వానకి ముందు నొప్పెట్టే నా మోకాలు ఇవాళ నొప్పెట్టలేదు. అప్పుడే అనుకున్నా."

"అనుకున్నావులే. అందరికంటే ముందు బండి కట్టింది నువ్వేగా," అంది మర్టిల్.

సగమే ఆరిన గడ్డి లోపల వేస్తే మక్కిపోతుంది. ఎత్తినదంతా మళ్లీ ఆరబెట్టాల్సిందే. విల్మా పందిని విడిచిపెట్టి, కిందికి దిగి, తనూ ఒక పంగలకర్ర అందుకుంది. "సర్కారమ్మా, రెండో మేజోడూ ఇస్తే మా ఇంటి మీది గాలికోడినీ కట్టేసుకుంటాం," అని ఒకడంటే, పొలమంతా గొల్లున నవ్వింది. పొద్దు వాలేదాకా, జుట్టు నిండా గడ్డితో, ఎందుకో తెలియకుండానే మళ్లీ మళ్లీ నవ్వుతూ, ఆమె వాళ్లతో గడ్డి తిరగేస్తూనే ఉంది.