వదిలిన తర్వాతి చేతులు

యాభైకి దగ్గరపడ్డాక బొమ్మలు గీసి కదిలించడం, అదే యానిమేషన్, నేర్చుకోవడానికి చేరాను. క్లాసులో పిల్లలంతా నన్ను ఆంటీ అంటారు. మాస్టారు కూడా ఒకసారి అనబోయి నాలుక కరుచుకున్నారు. ఆయనకు ముప్పై దాటి ఉండవు.

చివరి ప్రాజెక్టులో ఇద్దరు మనుషులు కౌగిలించుకుని విడిపోవాలి. అది పాసైతేనే సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఉంటేనే స్టూడియోలో ఉద్యోగం. చూసి గీయడానికి పిల్లలు జంటలు జంటలుగా నిలబడి వీడియోలు తీసుకున్నారు. నన్నెవరూ పిలవలేదు. పిలవకపోతే పీడా పోయిందనుకుని ఇంటికొచ్చి దిండును కౌగిలించుకుని తీసుకున్నాను. నా బతుక్కి ఆ దిండే చుట్టం, ఆ దిండే పక్కం.

మాస్టారు చూసి పెదవి విరిచారు.

"అవతలి మనిషికి బరువు లేదు మేడమ్. మీరు పట్టుకుంటున్నారు, తను పట్టుకోవట్లేదు."

దిండెక్కడ పట్టుకుంటుంది, నా బొంద! ఒళ్లు మండింది. ఆదివారం అక్క ఇంటికి పోయాను. ఒకే ఊరు, రెండు బస్సులు మారాలి. బావ పోయాక తనూ ఒక్కతే ఉంటోంది.

"దారి తప్పి వచ్చావా ఏమిటే?" అంది తలుపు తీస్తూ.

"పనుండి వచ్చాను. నన్నోసారి కౌగిలించుకోవాలి."

"దానికీ పనుండాలా నీకు," అని నవ్వి, తడిచేతులు తుడుచుకుంది.

వీడియో ఆన్ చేసి ఫోన్ అల్మరాకు ఆనించి పెట్టాను. కౌగిలించుకున్నాం. అక్క ఒళ్లు సబ్బు వాసన వేసింది. వీడియో సరిగ్గా వచ్చిందో లేదోనని నేను వెంటనే ఫోన్ దగ్గరికి పరుగెత్తాను. అన్నం తిని పోవే అంటే, బస్సు దొరకదన్నాను.

ఇంటికొచ్చి ఒక్కో ఫ్రేమూ ఆపుతూ గీయడం మొదలుపెట్టాను. ఒళ్లు ఆగినా చేతులు, జుట్టు ఇంకాస్త సాగి ఆగుతాయని క్లాసులో చెప్పారు. అందుకని అక్క చేతులు ఎక్కడ ఆగుతాయా అని చూస్తూ పోయాను. వీడియోలో నేను వదిలేశాను, తిరిగాను, పక్కకు వచ్చేశాను. అక్క చేతులు మాత్రం నా వీపు ఎంత వెడల్పుందో అంత ఎడంగా, గాలిలో అలాగే ఉన్నాయి. ఎన్ని ఫ్రేములు నొక్కినా దిగలేదు. చివరికి ఏం చెయ్యాలో తెలియనట్టు రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్లూ నాకెవరూ లేరని ఊరంతా చెప్పుకున్నది నేనే. ఉన్నదున్నట్టు గీశాను.

క్లాసులో తెరమీద వేసి చూపించాను.

"ఆ చేతుల ఆలోచన ఎలా వచ్చింది మేడమ్?" అన్నారు మాస్టారు.

"నాకు రాలేదు సార్. అవి మా అక్కవి."

పాస్ చేశారు. మెట్ల దగ్గరే నిలబడి అక్కకు ఫోన్ చేశాను.

"పాసయ్యానక్కా."

"పోనీలే, గట్టెక్కావు," అంది. తర్వాత, "అయితే ఇంక ఇటు రావక్కర్లేదుగా," అంది.

దెప్పలేదు. నిజంగానే అడిగింది.