బ్లాక్‌లిస్టుకెక్కిన పళ్ళకొట్టు

కట్టుడుపళ్ళు తయారుచేసే ఆవిడను ఆ వీధిలో అందరూ పళ్ళక్క అంటారు. ఆవిడ చేతి పన్ను నోట్లో ఉంటే, ఏది పుట్టిన పన్నో ఏది పెట్టిన పన్నో ఎదుట కూర్చున్నవాళ్ళు పోల్చుకోలేరు. దంతవైద్యులు నోటి అచ్చులు పంపుతారు. ఆవిడ వాటి మీద మైనంతో పళ్ళు మలిచి, ఫొటోలు తీసి ఈమెయిల్లో పంపుతుంది. ఆకారం బాగుంది, రంగు బాగుంది అని డాక్టరు ఒక్క మాట రాస్తేనే పింగాణీ కాల్చే ఓవెన్ వెలుగుతుంది. లేకపోతే లేదు.

అలాంటిది ఉన్నట్టుండి జవాబులు ఆగిపోయాయి. ఒకరు కాకపోతే ఒకరన్నా రాయాలి కదా! అందరూ కూడబలుక్కున్నట్టు నోళ్ళు కుట్టేసుకున్నారు. బల్ల మీద మైనపు పళ్ళు మాత్రం వరసగా ఇకిలిస్తూ కూర్చున్నాయి.

పళ్ళక్క అనుమానమంతా అక్క మొగుడి మీదే. బావా తనూ కలిసి పెట్టిన కొట్టే ఇది. పాలిష్ పట్టే యంత్రం కిటికీ దగ్గరా, గోడ దగ్గరా అన్న చోట మొదలైన మాట చిలికి చిలికి గాలివాన అయింది. ఆయన ఊరి అవతలి కొసన వేరే కొట్టు పెట్టుకున్నాడు. అప్పటినుంచి అక్కతో తప్ప ఆయనతో మాటల్లేవు. డాక్టర్లనందరినీ తనవైపు తిప్పుకుని ఉంటాడు, ఇంకేముంది!

"ఫోన్ చేసి కనుక్కోరాదూ?" అన్నాడు భర్త.

"పోయేవాళ్ళ వెంటపడితే లోకువైపోతామండీ. వాళ్ళే వస్తారు, లేకపోతే మానేస్తారు," అందే గాని, ఆవిడకి అన్నం సహించడం లేదు, నిద్రా పట్టడం లేదు. చేతిలో పనిలేక, శుభ్రంగా ఉన్న బల్లనే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

ఒక పొద్దున పెద్ద డాక్టరు స్వయంగా మెట్లెక్కి వచ్చాడు. కొట్టుకి మొట్టమొదటి పని ఇచ్చినాయన. ఆయాసం తీర్చుకుని, కూర్చోకుండానే అడిగాడు.

"ఏమ్మా, నావల్ల ఏదన్నా పొరపాటు జరిగిందా?"

"అయ్యో, మీవల్లేం పొరపాటండీ!"

"మరి ఫొటో పంపవేం? మా పేషెంటు ముందు పన్ను లేక చెయ్యడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నాడు. నీకు కోపమొచ్చిందంటుంది మా ఆవిడ."

"పంపానండీ! ఒకటికి రెండుసార్లు పంపాను."

"తిరిగి రాలేదు కదా?"

పళ్ళక్క తడబడింది. "ఇంగ్లీషులో పొడుగు పొడుగువి ఏవో వస్తున్నాయి. చెత్త మెయిళ్ళనుకుని తీసి పారేశా."

పారేసినవాటిని వెతికించి, పెద్ద డాక్టరు కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "నీ మెయిల్ని మా సర్వరు గుమ్మం దాటనివ్వలేదమ్మా. మీ కొట్టు పేరు బ్లాక్‌లిస్టులో ఉందట. చెత్త మెయిళ్ళు పంపేవాళ్ళ జాబితా."

"నేనా! పళ్ళ ఫొటోలు తప్ప ఇంకేమన్నా పంపిన దాన్నేనా?"

అభిమానం దెబ్బతింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఆ వెనకే గుండెల మీంచి ఏదో పెద్ద బరువు కాస్త పక్కకి జరిగింది. అయితే డాక్టర్లు పోలేదన్నమాట. వాళ్ళూ తన కోసమే ఎదురుచూస్తున్నారు.

కొట్టుకి ఆ మెయిల్ ఏర్పాటు చేసింది బావే. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అనుకుని, పెద్ద డాక్టరు వెళ్ళగానే ఫోన్ తీసింది.

"బావా, నేను."

"గొంతు మర్చిపోయేంత కాలమేం కాలేదులే. ఏమైంది?"

చెప్పింది. "ఆ కంప్యూటర్ ఎవర్నీ ముట్టుకోనివ్వకు. వస్తున్నా."

వచ్చి, పలకరింపులు లేకుండా నేరుగా కుర్చీ లాక్కున్నాడు. పంపిన మెయిళ్ళ చిట్టా తెరిస్తే కొండవీటి చాంతాడంత ఉంది. కొట్టు పేరు మీద దేశదేశాలకీ వేల ఉత్తరాలు పోయాయి. అన్నీ బట్టతల మీద జుట్టు మొలిపించే మందు గురించే.

బావ తన నున్నటి తల తడుముకున్నాడు. "నాకూ ఒకటి వచ్చిందే. నువ్వే వెక్కిరింతగా పంపావనుకున్నా. మీ అక్కతో కూడా చెప్పలేదు, బాధేసి."

పళ్ళక్క పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. పకపకా నవ్వేసింది. బావా నవ్వాడు. నవ్వనివాడు భర్త ఒక్కడే.

"పార్సిల్ ఆగిపోయింది, పాస్‌వర్డ్ కొట్టమని మెయిలొచ్చింది," అన్నాడు మెల్లగా.

"మీరేం పార్సిల్ తెప్పించారండీ?"

"ఏమీ లేదు. అందుకే, ఏముందోనని..."

బావ పాస్‌వర్డ్ మార్చి, కంప్యూటర్‌లో దూరినవాటిని ఏరిపారేశాడు. "ముందు ఇల్లు కడుక్కోవాలి, తర్వాతే మమ్మల్ని జాబితాలోంచి తియ్యండని అడగాలి. కడక్కుండా అడిగితే ఇవాళ తీసి రేపు మళ్ళీ ఎక్కిస్తారు," అన్నాడు. ఆ జాబితా నడిపేవాళ్ళు ఏం జరిగిందో రాయమన్నారు. సాంకేతిక కారణాలని రాద్దామన్నాడు భర్త. "వద్దు బావా, ఉన్నదున్నట్టు రాయి," అంది పళ్ళక్క. అలాగే రాశాడు.

ఇక వాళ్ళ దయ. బావ లేవబోతుంటే ఆవిడ ఉండబట్టలేక అడిగేసింది. "డాక్టర్లు నీ దగ్గరికొచ్చారా?"

"ఒకరిద్దరు ఫోన్ చేశారు, మీ మరదలు కొట్టు మూసేసిందా అని. మూయడమేంటి, నిక్షేపంలా ఉంది, వెళ్ళి అడగండన్నా. పెద్దాయన వచ్చే ఉంటాడే?"

పళ్ళక్క కుర్చీ మళ్ళీ ఆయన వైపు జరిపింది. "భోంచేసి వెళ్ళు బావా," అంది. ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

మర్నాడు పేరు తీసేశామని మెయిల్ వచ్చింది. బావ ఫోన్‌లో "ఒకటి పంపి చూడు" అన్నాడు. పెద్ద డాక్టరుకి ముందుపన్ను ఫొటో పంపి, తెర ముందే కూర్చుంది. కాసేపటికి జవాబు: "చాలా బాగుందమ్మా. తెలుపు ఒక్క పిసరు తగ్గించు." ఆ తర్వాత ఒక్కొక్కరే. ఒకామె అయితే "మామీద అలిగారేమోనని అడగడానికి జంకాం" అని రాసింది.

మధ్యాహ్నానికి ఓవెన్ వేడెక్కింది. పక్కగదిలో భర్త నడిపి చూస్తున్న పాలిష్ యంత్రం గుయ్యిమంటోంది. మొదటి పళ్ళెం లోపల పెట్టి తలుపు మూసిన పళ్ళక్క, అది కాలేలోగా కళ్ళు మూసుకుందామని కుర్చీలో వెనక్కి వాలింది. ఇన్నాళ్ళ నిద్ర ఒక్కసారే వచ్చి మీద పడింది.