బ్యాగులో పట్టని కుర్చీ

నా కెమెరా బ్యాగులో కెమెరా ఒక మూలన నక్కి ఉంటుంది. మిగతా జాగా అంతా దాతలది. ఒక శాలువా ఉంది, అది ఇప్పటికి వందమందినైనా సన్మానించి ఉంటుంది. ఫోటో పడగానే భుజాల మీంచి తీసి, మడతపెట్టి, మళ్ళీ లోపల పెట్టేసుకుంటాను. ఒక కత్తెర, ప్రారంభోత్సవాలకి ఎర్ర రిబ్బను చుట్ట, లోపల ఏమీ లేని మెమెంటో పెట్టె, ఆసుపత్రిలో పంచడానికి నాలుగు ఆపిల్ కాయలు. ఇవికాక ఒక ప్లాస్టిక్ వేపమొక్క. ఇది నా సొంత తెలివి. నిజం మొక్క అయితే ఫోటో తర్వాత పీకేటప్పుడు వేళ్ళు తెగి, రెండో కార్యక్రమానికల్లా వాడిపోతుంది. ఫ్యాన్సీ షాపులో కొన్న ఈ మొక్కని మూడేళ్ళుగా నరసరావుపేట పెద్దమనుషులు నాటుతూనే ఉన్నారు, చెంబుతో నీళ్ళు కూడా పోస్తున్నారు. ఒక్కడంటే ఒక్కడు దాని ఆకు పట్టుకుని చూడలేదు.

ఫోటోలు తీసేవాడికి ఇవన్నీ ఎందుకంటారా? మన ఊళ్ళో సేవ చెయ్యడానికి వచ్చేవాళ్ళు అన్నీ తెస్తారు. కారు తెస్తారు, ఫ్లెక్సీ తెస్తారు, మైకు తెస్తారు, బావమరుదుల్ని తెస్తారు. ఇవ్వాల్సిన వస్తువు మాత్రం మర్చిపోతారు. "రాఘవా, నీ దగ్గరేమన్నా ఉందా?" అని నావైపు చూస్తారు. మొదట్లో సిగ్గుపడ్డాను. తర్వాత పెద్ద బ్యాగు కొన్నాను.

అందరిలోకీ నాకు ఎక్కువ పని ఇచ్చేది సేవామిత్ర మండలి ప్రెసిడెంటు వెంకటరామయ్యగారు. హోల్‌సేల్ కిరాణా వ్యాపారం, రెండు గోడౌన్లు. ఆయన ఒట్టి దొంగ అయితే నాకు ఇంత ఒళ్ళు మండేది కాదు. దొంగకి తను దొంగనని తెలుస్తుంది. ఈయనకి ఆ సంగతీ తెలియదు. ఫోటో పడితే ఇచ్చేసినట్టే అనుకుంటాడు. ఇంటికెళ్ళి, ఆ ఫోటో నాలుగు గ్రూపుల్లో పెట్టి, కింద పడే దణ్ణాలన్నీ చూసుకుని, కడుపు నిండిన మనిషిలా నిద్రపోతాడు. ఇలాంటి వాళ్ళని చూస్తే నాకు అసహ్యం. వాళ్ళు పిలిస్తే మాత్రం పావుగంట ముందే వెళతాను.

బ్యాగులో పట్టనిది ఒకటే, చక్రాల కుర్చీ. దాన్ని వసీం భాయ్ సర్జికల్ షాపులో నా పూచీ మీద అద్దెకు తీసుకుని ఆటోలో వేసుకొస్తాను. దాని వీపున అంటించడానికి మండలి పేరున్న స్టిక్కరు, కార్యక్రమం అయ్యాక అది ఊడదీయడానికి చిన్న స్పిరిట్ సీసా బ్యాగు పక్క జేబులో ఉంటాయి. శావల్యాపురంలో ఒక ముసలమ్మకి, బెల్లంకొండలో పోలియో వచ్చిన ఒక టైలరుకి, ఇంకా ఇద్దరికి ఆ ఒక్క కుర్చీనే దానం చేశాం. కూర్చోబెడతాం, ఫోటో తీస్తాం, "కాగితాలు రావాలి, వచ్చే వారం మీ ఇంటికే పంపుతాం" అని దింపేస్తాం. నడవలేని మనిషి మళ్ళీ వచ్చి అడగలేడు. ఆ ధైర్యం మీదే ఈ దానం నడుస్తోంది.

పోయిన నెలలో వెంకటరామయ్యగారికి అరవై నిండాయి. ఆ రోజు పొద్దున పల్నాడు రోడ్డులోని మండలి ఆఫీసు ఆవరణలో మళ్ళీ కుర్చీ పంపిణీ పెట్టారు. ఈసారి కుర్చీ బాలశౌరి అనే ఆయనకి. ముఠా కూలీ. ముప్పై ఏళ్ళు మూటలు మోసి, రెండేళ్ళ కిందట నడుము విరిగి మంచాన పడ్డాడు. భార్య ఫిలోమినా పెద్దాసుపత్రిలో ఆయాగా పనిచేస్తుంది. ఆటోలో తెచ్చి, ఆమె, డ్రైవరు చెరో రెక్కా పట్టుకుని దింపి అరుగు మీద కూర్చోబెట్టారు. ఆయన గోడకి చేరగిలబడి, దారిన పోయే వాళ్ళని ఒక్కొక్కరినే చూస్తున్నాడు.

నేను కుర్చీకి స్టిక్కరు అంటిస్తుంటే ఫిలోమినా వచ్చి నా పక్కన నిలబడింది.

"నువ్వు ఆపిల్ కాయల అబ్బాయివి కదూ?" అంది.

నేను స్టిక్కరు మూలలు గోటితో నొక్కుతున్నాను.

"మా వార్డులో నాలుగు కాయలు ముప్పైమందికి పంచావు. ఈయన అప్పుడు ఆ వార్డులోనే ఉండాడు. నోటిదాకా పోయిన కాయ చేతిలోంచి లాక్కున్నావు."

"అది వాళ్ళు చెప్పినట్టు చేశానమ్మా."

"ఎవురు చెప్పినట్టు చేశావని నేనడగలా. ఈ కుర్చీ కూడా ఆ కాయలాంటిదేనా? ఉన్నమాట చెప్పు. కాయలాంటిదయితే ఇప్పుడే ఆటో ఎక్కించుకుని పోతా. ఆయన్ని గుమ్మంలోకి తేవాలన్నా ఇద్దరు మనుషులు కావాల. రెండేళ్ళ నుంచి ఆ రేకుల కప్పే చూస్తన్నాడు. నా నడుం కూడా పోయింది, ఇంక నేను ఎత్తలేను. కూర్చోబెట్టినాక లేపమాకండి. లేపుతుంటే చూడటం నావల్ల కాదు."

"ఇస్తారమ్మా, మీకే" అన్నాను. నాకు అబద్ధం చెప్పడానికి గుక్క తిప్పుకోవాల్సిన పని కూడా లేదు. పన్నెండేళ్ళ అనుభవం.

ఆమె నా ముఖంలోకి చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. వెళ్ళి మొగుడి చొక్కా గుండీలు సరిగ్గా పెట్టింది.

పదింటికి వెంకటరామయ్యగారు భార్య కన్యకగారితో దిగారు. ఆవిడ పట్టుచీర అంచు నేలకు తగలకుండా ఎత్తిపట్టుకుని, బాలశౌరికి నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. ఫోటోకి దగ్గరగా రమ్మంటే వచ్చింది, ఊపిరి బిగబట్టుకుని. మండలి మనుషులు ఇద్దరు బాలశౌరిని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టారు. వెంకటరామయ్యగారు నా శాలువా తీసుకుని ఆయన భుజాల మీద కప్పి, కెమెరా వైపు చూస్తూ అడిగారు.

"నీ పేరేందయ్యా?"

"బాలశౌరండి. మీ గోడౌన్లోనే మూటలు మోసినానండి షావుకారు గారూ. నడుం ఇరిగింది కూడా ఆడనేనండి, మినుముల లోడు దించేటప్పుడు."

ఇంకొకడైతే తల దించుకునేవాడు. వెంకటరామయ్యగారి కళ్ళు మెరిశాయి. "రాఘవా, ఇది రాసుకో! మన పాత పనివాడికే కుర్చీ ఇచ్చామని రాయి. పేపరోళ్ళకి బాగుంటది" అన్నారు. బాలశౌరి కూడా నవ్వాడు పాపం, ఏదో మంచిమాట అన్నారనుకుని. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఎందుకు నవ్వుతావయ్యా?

ఫోటోలు అయ్యాయి. కుర్చీ పట్టుకుని ఒకటి, కుర్చీకి దణ్ణం పెడుతున్నట్టు ఒకటి, కన్యకగారు అరటిపండు ఇస్తున్నట్టు ఒకటి. అంతటితో అయిపోవాల్సింది. కానీ వెంకటరామయ్యగారికి పుట్టినరోజు ఉత్సాహం ఇంకా తీరలేదు.

"నిలబడిన ఫోటోలు చానా అయినయ్‌లే. వాళ్ళావిడ ఈయన్ని తోసుకుంటా పోతున్నట్టు వీడియో తియ్. గేటు దాకా. పాట పెట్టుకుంటాం" అన్నారు.

ఫిలోమినా కుర్చీ వెనక్కి వచ్చి పిడులు పట్టుకుంది. తోసింది. గచ్చు మీద చక్రాలు చప్పుడు లేకుండా కదిలాయి. బాలశౌరి రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టుకుని, తల అటూ ఇటూ తిప్పుతూ రోడ్డు మీది షాపుల బోర్డులు చదవడం మొదలుపెట్టాడు. "ఏమే, ఆ చెప్పుల షాపు తీసేశారే! సెల్ ఫోన్లది పెట్టారు. ఈ పక్కన మెట్లు ఎప్పుడు కట్టారే?" అంటున్నాడు. నేను వెనక్కి వెనక్కి నడుస్తూ తీస్తున్నాను. ఆయన నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. కెమెరా ఎదురుగా ఉండి, దానివైపు చూడని మనిషిని నేను చాలా రోజులకి చూశాను.

గేటు వచ్చింది. ఇక్కడ నేను "చాలు" అనాలి. అదే గుర్తు. ఆ మాట వినగానే మండలి మనుషులిద్దరూ వచ్చి, చెరో చంకా పట్టుకుని మనిషిని లేపేస్తారు. వాళ్ళు అప్పటికే రెండడుగులు ముందుకు వేశారు.

ఫిలోమినా ఆగింది. నావైపు చూసి అడిగింది.

"ఇంకా పోవాలా, అబ్బాయ్?"

ఆమె అడిగింది వీడియో గురించి కాదని నాకు తెలుసు. ఆమెకీ తెలుసు. పిడుల మీద ఆమె వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. "చాలు" అన్న మాట గొంతులోకి వచ్చింది. మినుముల లోడు గుర్తొచ్చిందో, బాలశౌరి వెర్రి నవ్వే గుర్తొచ్చిందో, మాట బయటికి రాలేదు.

"పోవాలమ్మా" అన్నాను. "ఇంకా ముందుకు పోవాల. ఆగమాక."

ఆమె రోడ్డెక్కింది.

"ఏందయ్యా రాఘవా! యాడికి పంపుతున్నావు? ఆపమను!" అని వెనకనుంచి కేక. ఎదురుగా టీ బంకు దగ్గర పదిమంది గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు. నేను కెమెరా గిర్రున తిప్పి వెంకటరామయ్యగారి మీద పెట్టాను. కెమెరా తనవైపు తిరిగితే ఆయన ముఖం దానంతటదే నవ్వుతుంది, అది ఆయన చేతిలో లేదు.

"సార్, చెయ్యి ఊపండి! సాగనంపుతున్నట్టు చానా బాగుంటది!" అని గట్టిగా అరిచాను.

ఆయన చెయ్యి లేచింది. పళ్ళ సందులోంచి "కుర్చీ... ఒరేయ్ కుర్చీ..." అంటున్నాడు, చెయ్యి మాత్రం ఊగుతూనే ఉంది. కన్యకగారు కూడా ఊపారు. టీ బంకు దగ్గరివాళ్ళు చప్పట్లు కొట్టారు. చప్పట్లు వినపడ్డాక ఇక ఆ మనిషి చెయ్యగలిగిందేమీ లేదు, రెండో చెయ్యి కూడా ఎత్తాడు. మండలి మనుషులిద్దరూ ఏం చెయ్యాలో తెలియక వాళ్ళూ చప్పట్లు కొట్టారు.

నేను కుర్చీ వెనకాలే వీడియో తీసుకుంటూ నడిచాను. జేబులో ఫోను మోగుతూనే ఉంది, ఎత్తలేదు. వసీం భాయ్ కుర్చీ ఏదంటే ఆ చేతులు ఊపిన వీడియో చూపిస్తాను, ప్రెసిడెంటు దగ్గరే వసూలు చేసుకుంటాడు. రైలుకట్ట దాటేసరికి నా మీద నాకే గొప్ప ప్రేమ పుట్టుకొచ్చింది. ఇన్నాళ్ళకి ఒక మంచిపని చేశాననుకున్నాను. ఈ వీడియో నా పేరుతోనే పెట్టాలనుకున్నాను. కింద ఏం రాయాలో కూడా ఆలోచించుకున్నాను. వెనకనుంచి ఎండలో కుర్చీ, ఆ పక్కన కాలనీ ఇళ్ళు, ఎంత బాగా వస్తోందో అనుకుంటూ మోకాళ్ళ మీద కూర్చుని మరీ తీశాను.

సందు మొదట్లో ఫిలోమినా కుర్చీ ఆపి, వెనక్కి నడిచొచ్చింది. అరచెయ్యి తెచ్చి లెన్సుకి అడ్డం పెట్టింది.

"ఇంక తియ్యమాక. ఇక్కణ్ణుంచి మా ఇల్లు."

"అమ్మా, మీకు మంచే చేశాను కదా..."

"చేశావా?" అంది. నన్ను పైనుంచి కింది దాకా ఒకసారి చూసింది. వెంకటరామయ్యగారిని నేను ఎలా చూస్తానో సరిగ్గా అలాగే. "పొద్దున చెప్పిన అబద్ధం నిజమైంది, అంతేగా. దానికి మళ్ళీ ఫోటోలెందుకు?"

ఆమె వెళ్ళి కుర్చీని ఇంటి ముందుకు తోసింది. చిన్న గడప ఉంది. ముందు చక్రాలు దానికి తగిలి ఆగాయి. సాయం పడదామని ఒక అడుగు వేశాను.

"ఆ అబ్బాయిని పిలవ్వే" అన్నాడు బాలశౌరి. "ఎండన పడి ఇంతదూరం వచ్చాడు. మంచినీళ్ళన్నా తాగిపోతాడు."

"పిలవమాక. ఇస్తే గ్లాసుని కూడా ఫోటో తీస్తాడు" అంది ఫిలోమినా. పిడులు కిందికి నొక్కి, ముందు చక్రాలు పైకి లేపి, ఆయన్ని తనే లోపలికి తీసుకుపోయింది.