మాడు చెక్క

...ఈ బండికి ఒక చక్రం ఎప్పుడూ ఎడమకే లాగుతుంది, తయారు చేసిన మహానుభావుడెవడో గానీ, జమియా దుకాణంలో సామానంతా దోచుకుపోయి ఈ ఒక్క బండినే వదిలేశారంటే వదలరా మరి, దీన్ని ఎవడు తోసుకుపోతాడు, నాలాంటి పిచ్చిది తప్ప, దీని మీద మామా, అదే, నేను పనిచేసే కువైటీ ఇంటి అమ్మగారు, వాళ్ళ పెళ్ళిళ్ళ దేగిసా, గొర్రెను గొర్రెగానే ఉడికించేంత దేగిసా, మిట్టమధ్యాహ్నం సల్వా వీధిలో కిర్రుకిర్రుమంటూ పోతుంటే ఊరేగింపులాగే ఉంది, మేళమొక్కటే తక్కువ, నవ్వకే మద్దమ్మా, వీధి మలుపులో సైనికులు నిలబడి ఉంటారు, నవ్వకుండా తోయి, అయినా నవ్వొస్తుంది, ఎందుకు రాదు, పొద్దున ఈ దేగిసా లేకపోతే బడిలో ఏమయ్యేదో, ఇరాకు సైన్యం వచ్చిపడ్డాక జహ్రా నుంచీ ఫహాహీల్ నుంచీ కట్టుబట్టలతో పరుగెత్తుకొచ్చిన మనవాళ్ళందరికీ ఆ బడి గదులే ఇళ్ళు, మన దేశం నుంచి ఓడలో బియ్యం వచ్చాయి, కందిపప్పు వచ్చింది, మూటలు మూటలు, వండటానికి మాత్రం చిన్న చిన్న గిన్నెలు, నిన్న ముందు మాకంటే ముందు మాకని కడపవాళ్ళూ గోదావరివాళ్ళూ జుట్లు పట్టుకునే దాకా వచ్చారు, పక్కన పిల్లలు ఆకలికి ఒకటే ఏడుపు, నాకు ఒళ్ళు మండింది, నోర్లు ముయ్యండి మే, మా మామా ఇంట్లో పెండ్లి దేగిసా ఉండాది, నేను తెస్తా అన్నాను, తెచ్చాను, ఒకే పొయ్యి, ఒకే పంక్తి, గోదావరి పాపాయమ్మ పప్పు కడిగి పోసింది, నిన్న ఆమె జుట్టు పట్టుకున్న కడప పుష్పలతే ఇవాళ ఆమె పక్కన కూర్చుని తింది, చిట్టచివర కూర్చున్న పిల్లకు కూడా మారు వడ్డించాను, చాలక్కా అని చెయ్యి అడ్డం పెట్టింది, చాలు అనే మాట విని ఎన్నాళ్ళయింది.

మామా ఇంట్లో మాత్రం ఆ మాట ఎక్కడిది, పొద్దున వెనక తలుపు సందులోంచి నన్ను చూసి దేగిసా తీసుకుపో, మేం వండుకునేది ఏముంది ఇప్పుడు అంది, కొడుకు కువైట్ సైన్యంలో ఉన్నాడని వాడి కోసం వెతుకుతున్నారు, అందుకని ఆ ఇంట్లో మనుషులే లేరని వీధి నమ్మాలి, దీపం లేదు, చప్పుడు లేదు, లోపల మామా, ముసలి తల్లి, పచ్చి బాలింత కోడలు, వంటగదిలో ఖర్జూరం గింజలు తప్ప ఇంకేమీ కనబడలేదు, ఆ వంటగదిలో నేనెంత వండాను, ఎంత పారబోశాను, అరువు తెచ్చిన గిన్నె ఖాళీగా తిరిగియ్యకూడదమ్మీ అని మా అమ్మ ఎప్పుడూ చెప్పేది, పిడికెడు శనగలైనా వేసి ఇచ్చేది, కాబట్టి ఇది ఖాళీగా పోదు, అడుగున పప్పన్నం, మెత్తి మెత్తి పెట్టాను, పైన మాడు చెక్కలు పరిచాను, మూత తీసినవాడికి అంట్ల దేగిసాలా కనబడాలి, మాడు ఎవరికి కావాలి, మా ఊళ్ళో కుక్కలకేస్తాం, కోనసీమ దొరబాబు మాత్రం భయపడ్డాడు, మేం మగాళ్ళం వస్తే ఆపేస్తారండి మద్దమ్మగారూ, మీరే వెళ్ళాలి, అడిగితే కడగడానికని చెప్పండే, అన్నం ఎవరికని అడిగితే మాత్రం వాళ్ళ కొంప మునిగిపోద్దండి, అన్నాడు, తెలుసులేబ్బా అన్నాను, ఏమీ తెలియకుండానే అన్నాను.

ఎందుకంటే ఇప్పుడు, మలుపు ఇంత దగ్గరకొచ్చాక, తుపాకీ ఆనించుకుని కూర్చున్న మీసాలవాడు లేచి నిలబడ్డాక, ఇప్పుడు గుర్తొస్తుంది, మామా పిల్లలు చిన్నప్పుడు దేగిసా చుట్టూ మూగి మాడు కోసం కొట్టుకోవడం, నాకు నాకని, పెద్ద చెక్క కొడుకు కోసమని మామా దాచిపెట్టడం, నా మతి మండ, ఈ దేశాల్లో మాడంటే ప్రాణం పెడతారు కదా, హకాకా అంటారు కదా, ఇన్నేళ్ళు ఈ చేతులతోనే గీకి పెట్టి ఇవాళ మర్చిపోయానే, కొరివితో తల గోక్కున్నానే, వెనక్కి తిప్పితే అనుమానం, చక్రం ఎడమకు లాగి సరిగ్గా వాడి ముందుకే తీసుకుపోయింది, ఏమిటిది అన్నాడు, కడగడానికి అన్నాను, మూత తీశాడు, వాడి ముఖం వెలిగిపోయింది, హకాకా, అన్నాడు, చెయ్యి పెట్టబోయాడు, ఆ చెయ్యి ఇంకాస్త లోపలికి పోతే అన్నం, అన్నం వెనక మామా ఇల్లు, ఆ ఇంట్లో పసిగుడ్డు, నాకేమయిందో తెలియదు, వాడి చేతి మీద ఫట్టున ఒక్కటేశాను, మామా పిల్లల చేతి మీద వేసినట్టే, ఆగరా, మట్టి చేతులు పెడతావా అని తెలుగులోనే కసిరాను, అంచున ఉన్న పెద్ద చెక్క నేనే విరిచి వాడి చేతిలో పెట్టాను, వాడు తుపాకీ వంకా నా వంకా చూశాడు, అయిపోయింది నా పని అనుకున్నాను, వాడు కరుకుమనిపించాడు, నమిలాడు, కళ్ళు మూసుకున్నాడు, ఇంకోటి అని పసివాడిలా చెయ్యి చాపాడు, చిన్న ముక్క పెట్టి మూత మూసేశాను, బస్, ఖలాస్, అన్నాను, ఖలాస్ అన్నాడు వాడు కూడా, బండికి దారిచ్చాడు.

మలుపు దాటాకే నవ్వాను, మామా ఇంటి వెనక తలుపు తట్టాను, తెరుచుకుంది, మామా మూత తీసి ముందు మాడే అందుకుంది, నోట్లో పెట్టుకుని ఏడ్చింది, ఏడుస్తూనే కింద అన్నం చూసింది, కోడలు రెండు చేతులా తింటుంటే ముసలమ్మ నా తల మీద చెయ్యి పెట్టి ఏవో దీవెనలు గొణిగింది, ఎప్పుడూ మామా బల్ల దగ్గర కూర్చుంటే నేను నిలబడేదాన్ని, ఇవాళ నేల మీద కూర్చుని నాకు పళ్ళెం చాపింది, తిను మామా, ఇంకొంచెం, అన్నాను, ఆమె పొంగుతున్న కళ్ళతోనే రేపో అని అడిగింది, రేపు ఏమిటి మామా, బడిలో పిల్లలకు రేపు కూడా వండాలి కదా, దేగిసా నీ దగ్గరే ఉంచుకో, పొద్దున్నే మళ్ళీ అరువుకొస్తాను, అన్నాను, అన్నాక నాకే అర్థమయింది, రోజూ అరువు తీసుకుంటే రోజూ తిరిగివ్వాలి, తిరిగిచ్చేది ఖాళీగా ఇవ్వకూడదు, ఇక ఈ ఇంటికి ఆకలేమిటి, తుపాకులు పట్టుకుని ఊరంతా ఆక్రమించారు గానీ, పెట్టే చెయ్యి ఇంకా నా దగ్గరే ఉంది.